సీడీలు పారేయొచ్చా?

(స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం సభలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనం కాగానే మాట్లాడమని నన్ను పిలిచారు. చేపల పులుసు తిన్న జనాన్ని మెలకువగా ఉంచడం ఒక ఇంజనీరు వల్ల అయ్యే పని కాదని మన కార్యదర్శిగారికి బాగా తెలుసు. అందుకే స్పీకర్లు కూడా తెచ్చుకోమన్నారు. మధ్యమధ్యలో పాటలు వినిపిస్తాను. మీరు ఊరికే వింటే చాలదు, చేతులెత్తాలి.

ఈ విషయం నేనుగా ఎంచుకున్నది కాదు. రెండు నెలల కిందట మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మిత్రుడు ఫొటో పెట్టాడు. అట్టపెట్టె నిండా సీడీలు. "ఇల్లు మారతా ఉండాం. ఈ పాటలన్నీ ఫోన్లో దొరకతాయి గదా, పాతసామాన్లోడికి ఇచ్చేయొచ్చా?" అని కింద రాశాడు. అంతే, ఆ రోజంతా గ్రూపు అట్టుడికిపోయింది. సీడీలో ఉండే సౌండు ఫోన్లో యాడొస్తుంది అని సగంమంది. మీ చెవులకు అంత తేడా తెలిసేటట్టయితే పెళ్ళాం పిలిస్తే ఎందుకు వినపడదురా అని మిగతా సగంమంది. చివరికి "నువ్వు ఇంజనీరువి గదా, తేల్చు" అని నా మీదికి నెట్టారు.

నా వృత్తి ఇన్‌స్ట్రుమెంటేషన్. బాయిలర్లో పీడనం, గొట్టంలో ప్రవాహం, వీటిని సెన్సరు చదివి అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలు సరైనవా కావా అని చూడటమే ముప్పై ఏళ్ళుగా నా పని. సీడీ చేసేదీ అదే. గాలిలో ఒత్తిడి మారుతుంటే దాన్ని మన చెవి శబ్దం అంటుంది. ఆ ఒత్తిడిని క్షణక్షణం కొలిచి అంకెలుగా రాసి పెట్టుకున్న బిళ్ళ సీడీ.

ఎన్నిసార్లు కొలవాలి అన్నది మొదటి ప్రశ్న. రేవులో పోటు పాటులు చూడాలంటే నీటి మట్టం గంటకోసారి రాసుకున్నా చాలు, కాగితం మీద గీత గీయొచ్చు. అదే ఒడ్డుకొచ్చే అల ఆకారం కావాలంటే గంటకోసారి చూస్తే ఏం తెలుస్తుంది? సెకనుకు కొన్నిసార్లు కొలవాలి. ఎంత వేగంగా మారేదాన్ని పట్టుకోవాలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే ఏదీ తప్పిపోదని నైక్విస్ట్, షానన్ అనే ఇద్దరి పేర్ల మీద ఒక సూత్రం ఉంది. మనిషి చెవి, అదీ పసిపిల్లల చెవి, సెకనుకు 20,000 కంపనాల దాకా వింటుంది. దానికి రెట్టింపు 40,000. కొంచెం జాగా వదిలి సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిదంటే, మొదట్లో ఆ అంకెల్ని దాచడానికి వీడియో టేపు యంత్రాలు వాడేవాళ్ళు. ఆ టేపులో గీతల లెక్కకు సరిపోయిన అంకె అది. ప్రపంచమంతా నలభై ఏళ్ళుగా మోస్తున్న సంఖ్య వెనక ఉన్నది అంత మామూలు కారణం.

ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారు. అంటే 65,536 మెట్లున్న కొలబద్ద. నిశ్శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెళ్ళ తేడా అందులో పడుతుంది. మామూలు క్యాసెట్టులో అది 50, 60 మధ్యే. క్యాసెట్టు మొదలవగానే వచ్చే ఆ 'స్స్' మనకందరికీ గుర్తే గదా. సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన ఈ సీడీ 1982 అక్టోబరులో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. మన ఇళ్ళల్లోకి రావడానికి ఇంకో పది పన్నెండేళ్ళు పట్టిందనుకోండి.

ఇక్కడొక అపోహ తీసేయాలి. కొలతలుగా ముక్కలు చేస్తే శబ్దం మెట్లుమెట్లుగా అయిపోతుందని, అందుకే గ్రామఫోను రికార్డే నునుపు అని చాలామంది అంటారు. కాదు. ప్లేయర్లోంచి బయటికొచ్చేటప్పుడు ఆ చుక్కల గుండా ఒకే ఒక నున్నటి గీత పోగలదు, అదే వస్తుంది. గ్రామఫోను ఇష్టమైతే వినండి, నాకూ ఇష్టమే. కానీ కారణం ఇది మాత్రం కాదు.

గీతలు పడితే సీడీ నాణ్యత తగ్గుతుందనేది ఇంకో మాట. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు ఒక పద్ధతి కనిపెట్టారు. అదనంగా కొన్ని అంకెలు రాసి పెట్టుకుంటే, కొన్ని పోయినా పోయినవేవో లెక్కగట్టి మళ్ళీ రాబట్టుకోవచ్చు. నక్షత్రాల మధ్య ఉండే అంతరిక్షంలోకి పోయిన వాయేజర్ నౌకలు ఫొటోలు పంపడానికి కూడా ఆ గణితం వాడారు. సీడీలో ట్రాకు మీద దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెరిగిపోయినా ఒక్క అంకె తప్పకుండా తిరిగొస్తుంది. అంతకు మించితే టక్కుమంటుంది, లేదా ఎగురుతుంది. గీత పడ్డ సీడీ మోటుగా వినిపించడం అంటూ ఉండదు.

ఇక ఫోన్లో పాట సంగతి. లెక్క చూడండి. 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లు, ఎడమ కుడి రెండు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. అయిదు నిమిషాల పాట అంటే దాదాపు 53 మెగాబైట్లు. దీన్ని రెండు రకాలుగా చిన్నది చేయొచ్చు.

ఒకటి వలను మడిచినట్టు. వల ఎంత పెద్దదైనా మడిస్తే బుట్టలో పడుతుంది, విప్పితే మళ్ళీ అదే వల, ఒక్క కన్ను కూడా తక్కువ కాదు. ఫ్లాక్ అనే పద్ధతి ఇలాంటిది. 53 మెగాబైట్లు ఇంచుమించు సగానికో, సగానికి కొంచెం పైకో వస్తుంది. దీన్నే లాస్‌లెస్ అంటారు.

రెండోది చేపను శుభ్రం చేసినట్టు. పొలుసు, తల, పేగులు తీసేసి ముక్కలు కోసి ఇస్తారు. తినేదేదీ పోలేదు. కానీ ఆ ముక్కల్ని మళ్ళీ చేపగా చేయలేం. ఎంపీత్రీ ఇలాంటిది. దేన్ని తీసేయొచ్చో ఎలా తెలుస్తుంది? మోటారు పడవలో ఇంజను పక్కన కూర్చున్నప్పుడు పక్కవాడు గుసగుసలాడితే వినపడదు. ఆ గుసగుస ఉన్నా లేకపోయినా మన చెవికి ఒకటే. పాటలో కూడా పెద్ద శబ్దం పక్కనే ఉన్న చిన్న శబ్దాలు ఇట్లా మునిగిపోతుంటాయి. వాటిని వెతికి తీసేస్తారు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థలో బ్రాండెన్‌బర్గ్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు దీని మీద ఏళ్ళతరబడి పనిచేశారు. సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాద్యాలేవీ లేకుండా ఒట్టి గొంతుతో పాడిన 'టామ్స్ డైనర్' పాట వాళ్ళ తొలి ప్రయత్నంలో పాడైపోయిందట. ఆ గొంతు బాగా వచ్చేదాకా దాన్ని మళ్ళీ మళ్ళీ వింటూ దిద్దుకున్నారు. ఒంటరి గొంతు వెనక దాక్కోవడానికి చోటుండదు. మన పద్యాలు పాడేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్పాటిఫై మన దేశంలోకి వచ్చింది 2019 ఫిబ్రవరిలో. అందులో అన్నింటికన్నా మంచిదిగా చాన్నాళ్ళు ఉన్నది సెకనుకు 320 కిలోబిట్లు. అంటే అయిదు నిమిషాల పాట 12 మెగాబైట్లు. సీడీలో ఉన్నదానిలో నాలుగో వంతు కూడా కాదు. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో మడిచిన వల పద్ధతికి మారింది, అదనంగా డబ్బులు అడగకుండా. స్పాటిఫై కూడా 2025 సెప్టెంబరు నుంచి ఆ దారి పట్టింది. మీరు కట్టే ప్లానులో అది ఉందో లేదో సెట్టింగుల్లో చూసుకోండి.

సరే, లెక్కలు చాలు. ఇప్పుడు వినండి. 'శంకరాభరణం'లో పాట. 1980 నాటిది. మన నెల్లూరు బాలుగారికి ఉత్తమ గాయకుడిగా మొదటి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. ఒకే సీడీలోంచి తీసిన అర నిమిషం ముక్క. ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి 320కి కుదించి. ఏది ఏదో చెప్పను. శబ్దం స్థాయి రెండింటికీ మీటరు పెట్టి సమానం చేశాను.

(ఇక్కడ రెండు ముక్కలు వినిపించి చేతులెత్తమన్నాను. హాలు ఇంచుమించు సగానికి సగం చీలింది. "రెండూ ఒకటేరా" అన్న కేక ఒకటి వెనకనుంచి వచ్చింది.)

మంచిది. ఇంకోసారి పెడతాను. ఈసారి ఏది బాగుందో చెప్పండి చాలు.

(మళ్ళీ రెండు ముక్కలు. రెండోదానికి చాలా చేతులు లేచాయి.)

మీరు మెచ్చుకున్న రెండోది, కుదించిన ముక్క. అబద్ధం చెప్పకూడదు, దాని శబ్దం ఒకటిన్నర డెసిబెల్ పెంచాను. పెద్దదయిందని ఎవరూ అనలేదు చూశారా? గొంతు స్పష్టంగా ఉంది, తబలా నిండుగా ఉంది అని ముందు వరసలో వాళ్ళు అనుకుంటుంటే విన్నాను. కొంచెం పెద్దగా ఉంటే చాలు, మన మెదడు దాన్ని 'బాగుంది' అని చదువుకుంటుంది. గ్రూపులో జరిగిన గొడవలో సగం ఇదే. ఇంట్లో సీడీ ప్లేయరు ఒక స్థాయిలో వాగుతుంది, ఫోను ఇంకో స్థాయిలో వాగుతుంది. రెండింటినీ సమానం చేయకుండా పోల్చే పోలికకు విలువ లేదు. స్పీకర్ల షాపులో కూడా ఇదే కిటుకు నడుస్తుంటుంది, కొనేటప్పుడు చూసుకోండి.

320 దగ్గర తేడా పట్టగలిగేవాళ్ళు లేరని నేను అనను. మంచి పరికరం, అలవాటైన చెవి, ఎక్కడ వెతకాలో తెలియడం, ఈ మూడూ ఉంటే కొన్ని ముక్కల్లో దొరుకుతుంది. ఎక్కడ వెతకాలంటే, హరికథ దాసుగారి చిడతల్లో. ఇది తమాషాగా చెప్పడం లేదు. ఈ పద్ధతుల్ని పరీక్షించేవాళ్ళు దశాబ్దాలుగా వాడే ముక్కల్లో ఒకటి స్పెయిన్ దేశపు చిడతలు, కాస్టనెట్స్ అంటారు. నిశ్శబ్దంలోంచి టక్కున లేచే దెబ్బను కుదించడం కష్టం. దెబ్బకు ముందే దాని నీడలాగా ఒక చిన్న 'ష్' వచ్చేస్తుంది. ఘటం, తాళాలు, చప్పట్లు అన్నీ ఇదే బాపతు. ఇది వినండి, హరికథ ముక్క, 64 కిలోబిట్లకు కుదించింది.

(వినిపించాను. ఈసారి చేతులెత్తమని అడగాల్సిన పని పడలేదు.)

ఎవరో తాటాకుల మీద నడుస్తున్నట్టు లేదూ? కాబట్టి 'స్ట్రీమింగ్' అని గుండుగుత్తగా అనకూడదు. సెకనుకు ఎన్ని కిలోబిట్లు అని అడగాలి. డేటా ఆదా చేసే సెట్టింగు పెట్టుకుని, బస్సులో సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట వింటూ, సీడీ అంత బాగాలేదే అంటే ఎట్లా? ఆటోమేటిక్ అని ఉన్నదాన్ని తీసేసి పైదానికి మార్చండి. ఇంకో సంగతి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు. ఫోనుకు లాస్‌లెస్ వచ్చినా గాలిలో చెవి దాకా పోయేటప్పుడు మళ్ళీ చేప కోతే. మామూలు బ్లూటూత్ పద్ధతి గరిష్ఠంగా 328 కిలోబిట్ల దగ్గరుంటుంది. లాస్‌లెస్‌కి డబ్బులు కట్టి బ్లూటూత్‌లో వినేవాళ్ళు, తాజా చేప కొని ఎండబెట్టుకుని తిన్నట్టు. ఎండుచేప రుచిగానే ఉంటుంది, కాదనను, కానీ తాజాదానికి డబ్బులెందుకు?

సీడీకన్నా గొప్పదని 24 బిట్లు, 96,000, 1,92,000 కొలతలు అని అమ్ముతున్నారు. దీని మీద పరీక్షలు జరిగాయి. అమెరికాలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించారు. ఆ గొప్ప రికార్డింగుల్ని నేరుగా ఒకసారి, సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపిస్తే 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రైస్ అనే ఆయన 18 ప్రయోగాలు కలిపి లెక్కేస్తే 52.3 శాతం తేలింది. అంటే ఏదో ఉంది, కానీ చాలా చాలా చిన్నది. మన ఇళ్ళల్లో ఫ్యాను తిరుగుతుంటుంది, పక్కింట్లో టీవీ మోగుతుంటుంది. వయసుతో చెవికి పై స్వరాలు తగ్గుతూ పోతాయి. యాభై దాటిన మనలో చాలామందికి 15,000 కంపనాల స్వరం వినపడదు. మన పిల్లలకు వినపడుతుంది. వాళ్ళేమో ఆ ఫోను స్పీకర్లోనే వింటారు.

ఇంతవరకు విని, అయితే పారేయొచ్చన్నమాట అని మా మిత్రుడు లేచి పోబోతున్నాడు. కూర్చోవయ్యా, అసలు సంగతి ఇప్పుడే మొదలు.

నేను ఆ అట్టపెట్టె తెప్పించుకుని ఒక్కోటీ చూశాను. మూడు కుప్పలు పెట్టాను.

మొదటి కుప్పలో బస్టాండ్ల దగ్గర కొన్న 'నూట యాభై పాటలు ఒకే సీడీలో' రకం. చూడటానికి సీడీయే, లోపల ఉన్నది ఎంపీత్రీ. లేకపోతే డెబ్బై నాలుగు నిమిషాల బిళ్ళలో నూట యాభై పాటలు ఎట్లా పడతాయి? కొన్నింటిలో 128 కిలోబిట్లు, కొన్నింటిలో అంతకన్నా తక్కువ. వీటిని సీడీ నాణ్యత అని ఇరవై ఏళ్ళు దాచుకున్నాడు పాపం. పారేయమన్నాను.

రెండో కుప్పలో 2000 తర్వాత వచ్చిన సినిమాల అసలు సీడీలు. ఆ పాటలు పుట్టడమే కంప్యూటర్లో పుట్టాయి. స్ట్రీమింగుకి పోయింది కూడా అదే ఫైలు. నేను పోల్చి చూసినవాటిలో వినగలిగే తేడా కనపడలేదు. అట్టలంటే ఇష్టముంటే ఉంచుకోమన్నాను.

మూడో కుప్ప చిన్నది, ముప్పై దాకా. డెబ్బై, ఎనభైల నాటి పాటలు, తొంభైల్లో అచ్చయిన సీడీలు. కొన్ని అమెరికాలో ఉన్న వాళ్ళ అన్నయ్య పంపినవి. ఇళయరాజా పాటల్ని ఆ రోజుల్లో ఓరియంటల్ రికార్డ్స్ అనే సంస్థ అమెరికా నుంచి సీడీలుగా తెచ్చింది. వాటి కోసం ఇప్పటికీ వెతికేవాళ్ళున్నారు. ఎందుకంటే పాత పాటకు అసలు రూపం అంకెల్లో లేదు, టేపు మీద ఉంది. ఆ టేపును ఎవరు, ఎప్పుడు, ఏ యంత్రం మీద ఆడించి అంకెలుగా మార్చారన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. కంపెనీలు మూతపడ్డాయి, హక్కులు చేతులు మారాయి, టేపులు ఎక్కడో పోయాయి. అప్పుడు ఎవరి దగ్గరో ఉన్న రికార్డో క్యాసెట్టో తెచ్చి ఎక్కించేస్తారు. మీ యాప్‌లో ఏదైనా పాత పాట వెతకండి. సినిమా పేరు మీద ఒకటి, 'హిట్స్' అని ఒకటి, 'మధురగీతాలు' అని ఒకటి కనపడతాయి. అన్నీ ఒకటే కావు.

ఒక ఉదాహరణ చెబుతాను. మా మిత్రుడి పెట్టెలో ఒక పాట సీడీలో 4 నిమిషాల 32 సెకన్లు. ఫోన్లో అదే పాట 4 నిమిషాల 21 సెకన్లు. ఎక్కడా కోత లేదు, మొదలూ చివరా చూశాను. మరి పదకొండు సెకన్లు ఏమయ్యాయి? ఎక్కించినవాళ్ళ టేపురికార్డరు నాలుగు శాతం వేగంగా తిరిగింది. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. హార్మోనియం మీద పక్క మెట్టుకున్న దూరంలో దాదాపు ముప్పాతిక. గాయకుడి గొంతు అయిదేళ్ళు చిన్నదైపోయింది. మా ఇంట్లో పాటకు సరిగా వయొలిన్ కలపడానికి అవస్థపడుతున్న అమ్మాయికి అప్పుడు అర్థమైంది తప్పు తనది కాదని. ఆ ఫైలును లాస్‌లెస్‌గా ఇచ్చినా, 24 బిట్లలో ఇచ్చినా, ఆ తప్పును నూటికి నూరు పాళ్ళు నాణ్యతతో ఇచ్చినట్టే గదా.

కొన్నిచోట్ల వేగం బాగానే ఉంటుంది, కానీ రీమాస్టర్ అని చెప్పి 'స్స్' తీసేయబోయి తాళాల మెరుపు కూడా తీసేస్తారు. లేదా చిన్న శబ్దాల్ని పైకి లాగి అంతా ఒకే ఎత్తున మోగేట్టు చేస్తారు. ఇది మన దగ్గరే కాదు. 2008లో మెటాలికా బృందం ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' సీడీని మరీ అణగదొక్కి మోగించారని, ఒక వీడియో గేములో వచ్చిన అదే పాటలు అంతకన్నా బాగున్నాయని అభిమానులు గోలపెట్టారు, పిటిషన్ కూడా పెట్టారు. అంటే అక్కడ సీడీయే ఓడిపోయింది. మూడో కుప్పలో కూడా నాలుగైదు సీడీలు క్యాసెట్టు నుంచి ఎక్కించినవే ఉన్నాయి. 'స్స్' వినపడుతోంది. సీడీ అని ఉన్నంతమాత్రాన గొప్ప కాదు, ఫోను అని ఉన్నంతమాత్రాన తక్కువ కాదు. ఆ పాటకు మీ చేతిలో ఉన్న ప్రతి ఏ టేపు బిడ్డో చూడాలి.

ఇంకో భయం కూడా ఉంది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. 2023 మార్చిలో స్పాటిఫైకి, జీ మ్యూజిక్‌కి ఒప్పందం తెగి ఆ కంపెనీ పాటలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. డబ్బులు కట్టేవాళ్ళ జాబితాల్లోనే పేర్లు మసకబారాయి. అట్టపెట్టెలో సీడీని ఎవరూ అట్లా తీసుకుపోలేరు.

మనుషులు తీసుకుపోలేరు గానీ మనూరి గాలి తీసుకుపోతుంది. కృష్ణపట్నంలో కిటికీ ఊచ ఎన్నాళ్ళు నిలుస్తుందో మీకు తెలుసు. సీడీలో మెరిసేది పల్చటి అల్యూమినియం పొర. అందరూ కింది వైపు గీతలు పడకుండా చూసుకుంటారు, పైన అట్టవైపు పట్టించుకోరు. నిజానికి ఆ పొర ఉన్నది అట్టవైపే, పైన వార్నిషు లాంటి పూత ఒక్కటే అడ్డం. అది చిట్లితే ఉప్పుగాలి, తేమ లోపలికి పోతాయి. కంపెనీలో అచ్చయినవి ఇంకా నయం. ఇంట్లో కంప్యూటర్లో రాసుకున్న సీడీలున్నాయే, కింద ఆకుపచ్చగానో నీలంగానో ఉంటాయి, వాటిలో సమాచారం ఉండేది రంగు పొరలో. ఎండకు, వేడికి ఆ రంగు వెలిసిపోతుంది.

మూడో కుప్ప అడుగున అలాంటిది ఒకటి దొరికింది. దాని మీద బాల్‌పెన్నుతో 'స్కూలు వార్షికోత్సవం' అని రాసి ఉంది. ఎనభైల్లో ఎవరో క్యాసెట్టులో పట్టింది, తర్వాతెప్పుడో సీడీకి ఎక్కించింది. క్యాసెట్టు ఇప్పుడు లేదు. సీడీ అంచు చెక్కులు లేస్తోంది. మామూలు ప్లేయరు దాన్ని చదవనంది. మూడు డ్రైవుల్లో పెట్టి, నిదానంగా, ఒక్కో ముక్కా పదేపదే చదివిస్తే 40 నిమిషాల్లో 31 నిమిషాలు చేతికొచ్చింది. మిగతా తొమ్మిది నిమిషాలు పోయాయి. ఏ గణితమూ వాటిని తేలేదు.

వచ్చినదాంట్లోంచి రెండు నిమిషాలు వినిపిస్తాను. ఎవరి గొంతో నేను చెప్పను.

(మన తెలుగయ్యవారు నాటకంలో పద్యం చదివిన ముక్క వినిపించాను. రాగం ఎత్తుకోగానే పాత బ్యాచీల వరసలు గుర్తుపట్టాయి. పద్యం అయ్యాక సభలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆయన కుటుంబం ముందు వరసలోనే ఉంది.)

సాంకేతికంగా చెప్పాలంటే ఇది చాలా నాసిరకం రికార్డింగు. పదివేల కంపనాల పైన ఏమీ లేదు. మైకులో గాలి కొడుతోంది, వెనక కుక్క మొరుగుతోంది. ఎడమా కుడీ లేదు, అంతా ఒకటే. దీన్ని 320కి కుదిస్తే ఏ చెవీ తేడా పట్టలేదు. కానీ ప్రపంచంలో ఏ యాప్‌లోనూ ఇది లేదు, ఇంకెక్కడా ఇంకో ప్రతి ఉన్నట్టు నాకు తెలియదు.

కాబట్టి సంఘం తరఫున ఒక పని అనుకున్నాం. మీ ఇళ్ళల్లో స్కూలుకు సంబంధించిన క్యాసెట్టు గానీ, రాసుకున్న సీడీ గానీ, పెళ్ళి వీడియోల మధ్య ఇరుక్కుపోయిన వార్షికోత్సవం గానీ ఉంటే తెచ్చివ్వండి. క్యాసెట్టును ఆడించి చూద్దామని పాత ప్లేయర్లో పెట్టకండి, రబ్బరు చక్రాలు మెత్తబడి టేపును నమిలేస్తాయి. నేరుగా ఇవ్వండి. సీడీని గుడ్డతో తుడవాలనిపిస్తే మధ్యనుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి. గుండ్రటి గీతే ట్రాకు వెంట పోయి ఎక్కువ నష్టం చేస్తుంది. పేరు, సంవత్సరం కవరు మీద రాయండి, బిళ్ళ మీద వద్దు.

వాటిని ఫ్లాక్‌గా, అంటే మడిచిన వలగా, దాస్తాం. వినడానికి మీ ఫోన్లకు చిన్న ఫైలు వేరే ఇస్తాం. దాచేదాన్ని మాత్రం కోయకూడదు, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే చేప మొత్తం ఉండాలి. మూడు ప్రతులు పెడతాం. ఒకటి స్కూల్లో, ఒకటి నెల్లూరులో, ఒకటి సముద్రానికి దూరంగా హైదరాబాదులో ఒక మిత్రుడి దగ్గర. ఏడాదికోసారి మూడూ తెరిచి చూసే బాధ్యత పదేళ్ళపాటు నాది, తర్వాత మీ పిల్లల్లో ఒక ఇంజనీరును ఒప్పించండి.

మీ సొంత సినిమా సీడీలను కూడా ఇట్లాగే కాపీ చేసుకోవాలనుకుంటే ఒక మాట. కంప్యూటర్లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచితంగా ఒక సాఫ్ట్‌వేరు దొరుకుతుంది, అనుమానం ఉన్న ముక్కను రెండు మూడుసార్లు చదివి సరిచూస్తుంది. అది మీరు వినడానికే, గ్రూపుల్లో పంచడానికి కాదు. ముందు యాప్‌లో పాట నిడివి, సీడీలో నిడివి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ సీడీని జాగ్రత్త చేయండి.

ఆఫీసు గది పక్కన బల్ల వేసుకుని రేపు సాయంత్రం అయిదు దాకా కూర్చుంటాను. ఇప్పటికి పదకొండు క్యాసెట్లు, నాలుగు సీడీలు వచ్చాయి. 1991 వార్షికోత్సవంలో బుర్రకథ చెప్పిన బ్యాచ్ వాళ్ళు ఎవరన్నా ఉంటే చేతులెత్తండి, మీ క్యాసెట్టు రెండో వైపు ఇంకా దొరకలేదు.